ఆగినచోటు, పుట్టినచోటు

తుపాకిగుండు తొడలో దిగిందని వైద్యుడు తొడను శోధిస్తాడు. గుండు అక్కడ లేదు. వెలుపలికి పోయిన గాయమూ లేదు. వేగముడిగిన చిన్నగుండు సిరలో చొచ్చి, రక్తప్రవాహంతో హృదయపు కుడిభాగానికీ, అక్కడినుండి ఊపిరితిత్తుల ధమనికీ చేరడం అరుదుగానైనా కలదు. రక్తనాళాలలో ఇట్టి ప్రయాణమొకటి ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించిన మహనీయుడు రుడాల్ఫ్ విర్కో.

ప్రష్యారాజ్యంలోని ఒక చిన్న పట్టణంలో, సామాన్య కుటుంబంలో 1821లో విర్కో జన్మించాడు. బెర్లినులో వైద్యం అభ్యసించి, షారిటే ఆసుపత్రిలో శవపరీక్షలకు పూనుకొన్నాడు. ఊపిరితిత్తుల ధమనిలో కానవచ్చే నెత్తురుగడ్డ అక్కడనే పుట్టినదని నాటి పెద్దల నమ్మకం. పాపికొండల నడుమ నీట పడిన మాను ధవళేశ్వరం ఆనకట్టకడ చిక్కుకొన్నట్లు, కాలిసిరలో పుట్టిన గడ్డయే కొట్టుకొని వచ్చి ఇక్కడ ఆగినదని విర్కో తలచాడు. కుక్కల మెడసిరలలో రబ్బరుముక్కలు ప్రవేశపెట్టి, వాటిని ఊపిరితిత్తులలో వెలికితీసి చూపాడు. అప్పటికి అతనికి పాతికేండ్లు. ఈ అవరోధానికి ‘ఎంబాలిజం’ అను భావాన్ని ప్రసాదించినవాడు అతడే.

ఆగినచోట గాక పుట్టినచోట కారణాన్ని వెదకడం అతనికి స్వభావమైనది. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్‌జ్వరం ప్రబలగా ప్రభుత్వం అతనిని పంపింది. రోగానికి మూలం ఆకలిలో, అవిద్యలో, పాలకుల ఉపేక్షలో ఉన్నదనీ, స్వపరిపాలనమూ విద్యయే దానికి మందులనీ విర్కో నివేదించాడు. ఆ వసంతంలోనే బెర్లిను వీధులలో విప్లవకారుల పక్షాన నిలిచాడు. ఫలితంగా 1849లో ఉద్యోగం పోయింది. వుర్జ్‌బుర్గు విశ్వవిద్యాలయం ఆదరించింది. 1856లో బెర్లినే అతనిని తిరిగి పిలిచింది. జీవకణం మరొక జీవకణం నుండియే పుట్టుననీ, వ్యాధి కణంలోనే మొదలగుననీ 1858లో ప్రకటించిన గ్రంథం వైద్యశాస్త్రపు నడకనే మార్చింది.

శాసనసభలో బిస్మార్కును ఎదిరించినందుకు 1865లో ఆ మంత్రి ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. విర్కో నిరాకరించాడు. నగరసభలో మురుగుకాలువలకై మాత్రం ఏండ్లతరబడి పోరాడాడు. 1902లో ట్రాముబండి నుండి దిగుతూ పడి, తుంటి విరిగి, కొన్నినెలలకు కన్నుమూశాడు.

దేహంలో గుండు ఉన్న క్షతగాత్రునికి, అది కదిలినదన్న అనుమానం కలిగినచో, కత్తి పట్టేముందు వైద్యులు నేడు మరల ఎక్స్‌రే తీయిస్తారు. నిన్న కనిపించినచోట అది నేడు ఉండకపోవచ్చును. ఆ జాగ్రత్త పాతికేండ్ల యువకుని సందేహాన్ని గుర్తుకు తెస్తుంది.