మనోగాయాల వైద్యుడు రివర్స్

మనోవైద్య చరిత్రలో చిరస్మరణీయులైన డాక్టర్ విలియం రివర్స్ 1864 మార్చి 12వ తేదీన ఇంగ్లండులోని కెంట్ మండలంలో జన్మించారు. తండ్రి మతాచార్యులు, నత్తిని మాన్పే విద్యలో పేరెన్నిక గన్నవారు. అయినా కుమారునికి నత్తి జీవితాంతం వదలలేదు. మాట పెగలని బాధను స్వయంగా ఎరిగినందువల్లనేమో, ఇతరుల మాటను ఓపికతో వినే గుణం ఆయనకు అలవడింది.

వైద్యపట్టం పొందిన పిమ్మట ఆయన 1898లో టారెస్ జలసంధి దీవులకు, 1901-02లో మన నీలగిరులలోని తోడాల మధ్యకు, 1908లో సాలమన్ దీవులకు వెళ్ళి అక్కడి జనుల వంశవృక్షాలను వ్రాసుకొన్నారు. భారతదేశంలోని మేనరికాన్ని గురించి 1907లో వ్యాసం ప్రకటించారు. చుట్టరికపు వరుసలు కేవలం పిలుపులు కావనీ, వాటి వెనుక హక్కులూ విధులూ ఉంటాయనీ చూపారు.

ఇంతలో ప్రథమ ప్రపంచ సంగ్రామం వచ్చింది. 1916లో ఆయన ఎడింబరో సమీపాన గల క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక వైద్యశాలలో చేరారు. అక్కడి సైన్యాధికారులలో మాట తడబడేవారు, కాళ్ళూచేతులూ వణికేవారు, రాత్రులు కేకలు వేస్తూ మేల్కొనేవారు ఎందరో. ఇదంతా పిరికితనమని నిందించేవారు ఆనాడు లేకపోలేదు. ఆప్తులు అంతా మరచిపొమ్మని హితవు చెప్పేవారు. రివర్స్ మార్గం వేరు. అణచిపెట్టిన స్మృతి పీడకలయై తిరిగి వస్తుందని గ్రహించి, జరిగినదానిని రోగిచేతనే చెప్పించేవారు. అలాగని సదా దానినే తలపోయడం కూడా హానికరమని హెచ్చరించేవారు.

గుండు దెబ్బకు ఛిన్నాభిన్నమైన మిత్రుని దేహాన్ని చూచిన ఒక అధికారికి ఆ దృశ్యమే కలలలో వచ్చేది. మిత్రుడు క్షణంలో ప్రాణం విడిచాడనీ, యాతన పడలేదనీ చెప్పడానికి ఆ స్థితియే సాక్ష్యమని రివర్స్ తెలియజెప్పారు. కొన్నాళ్ళకు కల మారింది. అందులో అతడు శవం చెంత మోకరిల్లి, మిత్రుని బంధువులకు అందజేయవలసిన వస్తువులను తీస్తున్నాడు. భయం తొలగి, దుఃఖం దాని చోటికి వచ్చింది.

ఈ వైద్యంలో ఒక ధర్మసంకటం ఉన్నది. కోలుకొన్నవారు మళ్ళీ యుద్ధానికే పోవాలి. యుద్ధం సాగించడాన్ని నిరసించి, 1917 జులైలో ఆ వైద్యశాలకు పంపబడిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌కు మతిభ్రమణం లేదని రివర్స్ ఎరుగుదురు. తుదకు తోటి సైనికులను విడిచి ఉండలేక కవి తానే మరలిపోయారు. ఆయనతో సాగిన సంభాషణలు వైద్యుని విశ్వాసాలను కూడా కదిలించాయి.

1922లో రివర్స్ సంపాదకత్వాన మెలనీషియా దీవుల జనక్షయంపై ఒక గ్రంథం వెలువడింది. పాలకులు నరశిరస్సుల వేటను నిషేధించగా, దానితో ముడిపడిన పడవల నిర్మాణమూ, ఉత్సవాలూ అంతరించి, జనులకు బ్రతుకుపై ఆసక్తియే సన్నగిల్లిందని ఆయన వాదించారు. క్రొత్త పడవ ఉత్సవంలో నరశిరస్సుకు బదులు పంది తలను వాడి, ఆ వేడుకను నిలుపవచ్చునని సూచించారు. నేటి పండితులు ఆ జనక్షయానికి అంటువ్యాధులనే ప్రధాన కారణంగా ఎంచుతారు. అయినా, సమష్టి జీవనం చెదిరితే మనిషి మనస్సూ చెదరుతుందన్న ఆయన హెచ్చరిక విలువ తగ్గలేదు.

ఆ సంవత్సరమే జూన్ 4వ తేదీన, తమ 58వ ఏట, రివర్స్ కేంబ్రిడ్జిలో కన్నుమూశారు. యుద్ధంలోనో ఉప్పెనలోనో సర్వం కోల్పోయినవారికి కూడూ గూడూ ఎంత అవసరమో, తమ గోడు వినే మనిషీ, తమను ఫలానావారని గుర్తించే ఊరూ అంతే అవసరమని ఆయన జీవితం బోధిస్తున్నది.