మన జిల్లా మాస్టారు: డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్



2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడినప్పుడు ఐరాలలో మా ఇంటి వరండా దాదాపు నెల రోజులు చిన్న ఆఫీసులా నడిచింది. రాష్ట్రం మొత్తానికి 16,347 పోస్టులు. మా మనవరాలితో పాటు వీధిలో బి.ఇడి. చదివిన పిల్లలందరూ వచ్చి కూర్చునేవారు. స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడివి ఎక్కడ తీసుకోవాలి, ఇంటిపేరు ఒక కాగితంలో ఒక రకంగా, ఇంకొక కాగితంలో ఇంకొక రకంగా ఉంటే ఏం చేయాలి, ఇవే ప్రశ్నలు. దరఖాస్తు పెట్టడం మనకు తెలిసిన పద్ధతిలో లేదు. గెజిటెడ్ ఆఫీసరు గుమ్మం ముందు నిలబడే పని తప్పింది గానీ ఆ గుండెదడ మాత్రం అలాగే ఉంది. ఒకరోజు ఆ పిల్లల్లో ఒకబ్బాయి, తాతయ్యా, ఇంత చదివి ఒక మాస్టరు ఉద్యోగం కోసం ఇన్ని పాట్లా అని నిట్టూర్చాడు. అప్పుడు వాడికి చెప్పిన కథే కొంచెం పెంచి ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను. సెప్టెంబరు 5న ఏటా ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన కూడా ఒకప్పుడు సర్కారు కొలువు కోసం సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడిన కుర్రవాడేనన్న సంగతి సభల్లో ఎవరూ చెప్పరు.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. తిరుత్తణి ఇప్పుడు తమిళనాడులో ఉంది కాబట్టి ఆయన మనవారెలా అవుతారని కొందరికి సందేహం. ఆయన పుట్టిన నాటికి తిరుత్తణీ, చిత్తూరూ, మన ఐరాలా అన్నీ మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి మన జిల్లాలోకే వచ్చింది. సరిహద్దుల సర్దుబాటులో 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. దాదాపు యాభై ఏళ్ళు మనం ఒకే కలెక్టరు కింద ఉన్నవాళ్ళం. వారిది తెలుగు కుటుంబం. పూర్వీకుల ఊరు నెల్లూరు దగ్గరి సర్వేపల్లి, ఇంటిపేరు అక్కడిదే.

తండ్రి వీరాస్వామి గారు జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. నెల జీతం మీద బతికే సంసారం ఎలా ఉంటుందో మన సంఘ సభ్యులకు నేను వర్ణించనక్కరలేదు. పిల్లవాడి చదువు తిరుత్తణిలో మొదలై, 1896 నుంచి 1900 వరకు తిరుపతి లూథరన్ మిషన్ హైస్కూల్లో, ఆ తర్వాత నాలుగేళ్ళు వేలూరు ఊరీస్ కాలేజీలో సాగింది. అన్నీ స్కాలర్‌షిప్పుల మీదే. వేలూరులో ఉండగానే 1903లో శివకాము గారితో పెళ్ళయింది. 1904లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు.

అక్కడ ఏ సబ్జెక్టు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. తత్వశాస్త్రంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి, దాన్ని ఇష్టపడి ఎంచుకోలేదు. అదే కాలేజీలో చదువు ముగించిన దాయాది ఒకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఈయనకు ఇచ్చేశారు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది, సబ్జెక్టు తేలిపోయింది. అన్న పుస్తకాలు తమ్ముడికి, అక్క లంగాఓణీ చెల్లెలికి వచ్చే ఇళ్ళలో పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది?

ఎం.ఏ. కోసం ఆయన వేదాంతంలో నీతికి స్థానం ఉందా అన్న విషయం మీద సిద్ధాంత వ్యాసం రాశారు. వేదాంతం లోకాన్ని మాయ అంటుంది కాబట్టి అందులో నీతికి చోటు లేదని ఆనాడు మిషనరీ పండితులు విమర్శించేవారు. దానికి జవాబుగా ఇరవై ఏళ్ళ కుర్రవాడు రాసిన వ్యాసం అది. దిద్దవలసిన ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ జార్జి హాగ్ కూడా మిషనరీ కాలేజీ దొరే. ఆయనకు కోపం వస్తుందేమోనని విద్యార్థికి భయం. హాగ్ గారు కోపగించలేదు సరికదా, పని చాలా బాగుందని మెచ్చుకున్నారు. 1908లో ఆ వ్యాసం పుస్తకంగా అచ్చయింది.

ఎం.ఏ. వచ్చింది, పుస్తకం అచ్చయింది. తర్వాత ఏమిటి? మన చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు ఈయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వారూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థే. వారు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వెళ్ళి చదివి వచ్చారు. రాధాకృష్ణన్ గారికి విదేశాలకు వెళ్ళి చదివే స్తోమత లేదు. పెళ్ళయి ఆరేళ్ళు కావస్తోంది, ఇంటికి ఆదాయం కావాలి. సర్కారు విద్యాశాఖలో ఉద్యోగం తప్ప దారి కనిపించలేదు.

ఆ రోజుల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ లేదు. మద్రాసులో సర్వీస్ కమిషన్ ఏర్పడింది 1929లో. అంతకు ముందు అర్జీ, దానితో పాటు చదువు చెప్పిన ఆచార్యులు ఇచ్చిన యోగ్యతా పత్రాలు, వాటి మీద విద్యాశాఖాధికారుల నిర్ణయం, ఇంతే. రాత పరీక్ష లేదు, రోస్టరు లేదు. ఎవరు ఎవరి గురించి నాలుగు మంచి మాటలు రాస్తారన్నదే ముఖ్యం. ఈ పద్ధతిలో పైవాళ్ళ పరిచయం లేని పేదవాడికి అన్యాయం జరిగే వీలు ఎక్కువ. ఇప్పటి డీఎస్సీని ఎంత తిట్టుకున్నా ఆ పద్ధతి కంటే ఇదే నయమని నా అభిప్రాయం. రాధాకృష్ణన్ గారి విషయంలో మాత్రం ఆచార్యుల మెప్పు నిజంగా చదువుతో సంపాదించుకున్నదే. 1909 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ ఫిలాసఫీ శాఖలో ఆయనకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఇరవై ఒకటో ఏడు నిండలేదు.

ఇక్కడ సర్వీసు సంగతి కొంచెం చెప్పాలి. ఈ తరం పిల్లలకు తెలియదు, మనలో కూడా చాలామంది మరచిపోయి ఉంటారు. అప్పుడు విద్యాశాఖలో మూడు మెట్లు. పైన ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసు, దానికి మనుషులను ఇంగ్లండులో ఎన్నిక చేసి పంపేవారు. దాని కింద ప్రొవిన్షియల్ సర్వీసు, అందులోకి ఇక్కడివాళ్ళను తీసుకునేవారు. అన్నిటికంటే కింద సబార్డినేట్ సర్వీసు. ఒకే కాలేజీలో, పక్క పక్క గదుల్లో, ఒకే పాఠం చెప్పే ఇద్దరికి జీతంలోనూ హోదాలోనూ చుక్కకూ నేలకూ ఉన్నంత తేడా. ఈ అన్యాయం మీద ఫిర్యాదులు ఎక్కువై 1912లో ఒక రాయల్ కమిషన్ వేశారు. ఆ కమిషన్ విని, రాసి, అచ్చువేసే సరికి 1917 వచ్చింది. పే రివిజన్ల కోసం ఎదురుచూసిన మనకు ఈ వేగం కొత్త కాదు.

ఉద్యోగం వచ్చింది గదా అని కూర్చోవడానికి లేదు. బోధన శిక్షణ కావాలి. 1910లో ఆయన సైదాపేట టీచర్స్ కాలేజీలో ఎల్.టి. శిక్షణకు చేరారు. ఎల్.టి. అంటే ఇప్పటి బి.ఇడి.కి తాతగారు అనుకోండి. సర్వీసులో చేరాక డెప్యుటేషన్ మీద ట్రెయినింగుకు వెళ్ళి, భార్యాపిల్లలను ఊళ్ళో వదిలి, మళ్ళీ బెంచీ మీద కూర్చుని పాఠ్య ప్రణాళికలు రాసిన బాధ మనలో చాలామందికి అనుభవమే. నేనూ రాశాను. ఒకే పాఠానికి మూడుసార్లు ప్లాను రాయించిన ఒక లెక్చరరు గారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ వేళ్ళు నొప్పి పుడతాయి. రాధాకృష్ణన్ గారి విషయం వేరు. అక్కడ మనస్తత్వశాస్త్రం ఒక పాఠ్యాంశం. ఆయన అది అప్పటికే కూలంకషంగా చదివి ఉన్నారు. అందుచేత తోటి ట్రెయినీలకు ఆయనే ఉపన్యాసాలు ఇచ్చారు. శిక్షణ పొందడానికి వచ్చిన మనిషి పాఠం చెప్పి వెళ్ళారన్నమాట. ఆ ఉపన్యాసాలు 1912లో మనస్తత్వశాస్త్ర మూలాంశాల మీద ఒక చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. ట్రెయినింగు కాలాన్ని ఇంత లాభసాటిగా వాడుకున్నవారు మా బ్యాచిలో మాత్రం ఎవరూ లేరు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్న ఏళ్ళలో ఆయన ఉపనిషత్తులు, గీత, బ్రహ్మసూత్రాల భాష్యాలు, బౌద్ధ జైన గ్రంథాలు మూలంలో చదివారు. విదేశీ పత్రికలకు వ్యాసాలు పంపారు. గీతా నీతిని జర్మన్ తత్వవేత్త కాంట్ సిద్ధాంతంతో పోల్చి రాసిన వ్యాసం 1911లో విదేశీ నీతిశాస్త్ర పత్రికలో అచ్చయింది. ఇంగ్లండు ముఖం చూడని మనిషి రాతను ఇంగ్లీషువాళ్ళు చదవడం మొదలుపెట్టారు. సర్వీసులో మెట్టు మాత్రం అంత త్వరగా కదల్లేదు.

తర్వాత బదిలీలు. 1916లో అనంతపురంలో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ కొత్తగా తెరిచారు. రాయలసీమకు అది పెద్ద వరం. ఆ తొలి రోజుల్లో రాధాకృష్ణన్ గారు అక్కడ కొంతకాలం పనిచేశారు. ఆ వెంటనే 1917లో రాజమండ్రి ప్రభుత్వ కాలేజీకి వెళ్ళారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఒకప్పుడు తెలుగు పండితులుగా ఉన్న కాలేజీ అది. మద్రాసు నుంచి అనంతపురం, అక్కడి నుంచి గోదావరి ఒడ్డు, రెండేళ్ళలో ఇంత తిరుగుడు. పెట్టెలు సర్దడం, బళ్ళో పిల్లల్ని మార్చడం, కొత్త ఊళ్ళో పాలవాడిని కుదుర్చుకోవడం దగ్గర నుంచి అన్నీ ఇంటి ఇల్లాలి నెత్తినే పడతాయి. శివకాము గారి పేరు మీద వ్యాసాలు లేవు గానీ, ఈ తరం ఇళ్ళలో కూర్చుని చదివే మన సహధర్మచారిణులకు ఆమె పని ఏమిటో తెలుసు.

1918లో మైసూరు మహారాజా కాలేజీ నుంచి ప్రొఫెసరు పదవి వచ్చింది. తొమ్మిదేళ్ళ సర్కారు సర్వీసు వదిలి, రెండేళ్ళ క్రితమే పుట్టిన మైసూరు విశ్వవిద్యాలయంలోకి వెళ్ళారు. మన లెక్కల్లో ఇది తేలిక నిర్ణయం కాదు. పెన్షనబుల్ పోస్టు వదులుకోవడానికి ఎవరికైనా గుండె ధైర్యం కావాలి. అప్పటికి కట్టమంచి రామలింగారెడ్డి గారు కూడా మైసూరు విద్యారంగంలోనే పెద్ద పదవిలో ఉన్నారు. మన జిల్లావాళ్ళిద్దరు ఒకే సంస్థానంలో చదువుల బాధ్యత మోశారు. అదే ఏడు టాగోరు తత్వం మీద రాధాకృష్ణన్ గారి పుస్తకం లండన్‌లో వెలువడింది.

1921లో అశుతోష్ ముఖర్జీ గారు ఆయనను కలకత్తా విశ్వవిద్యాలయంలో ఐదవ జార్జి పేరిట ఉన్న ఆచార్య పీఠానికి పిలిపించారు. మైసూరు విడిచే రోజున విద్యార్థులు గుర్రాలను విప్పేసి, పూలతో అలంకరించిన బండిని తామే రైల్వే స్టేషను దాకా లాక్కుని వెళ్ళారు. రిటైర్మెంటు రోజున పిల్లలు దండలు వేస్తే మనకు గొంతు పూడుకుపోయింది. ముప్పై మూడేళ్ళ వయసులో ఆయనకు దక్కిన వీడ్కోలు అది.

అక్కడి నుంచి జరిగినవి అందరికీ తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను. భారతీయ తత్వశాస్త్రం మీద రెండు సంపుటాలు 1923, 1927లలో వచ్చాయి. 1926లో ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసాలు ఇచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ మన రామలింగారెడ్డి గారు. సర్కారు దమననీతికి నిరసనగా ఆయన 1930లో రాజీనామా చేస్తే, 1931లో ఆ కుర్చీలో కూర్చున్నది రాధాకృష్ణన్ గారు. 1936లో ఈయన ఆక్స్‌ఫర్డు స్పాల్డింగ్ ఆచార్యులుగా వెళితే తిరిగి రెడ్డిగారే వచ్చారు. ఒక విశ్వవిద్యాలయం మొదటి ఇరవై ఏళ్ళు రెండు చిత్తూరు జిల్లా చేతుల్లో నడిచిందని మన పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పరు. చదువుకోవడానికి వెళ్ళలేని విలాయతుకు ఈయన చదువు చెప్పడానికి వెళ్ళారు.

ఒక సరదా లెక్క. అప్పటి రూలు ప్రకారం సర్కారు ఉద్యోగికి 55 ఏళ్ళకు విరమణ. మద్రాసు సర్వీసులోనే ఉండి ఉంటే ఆయన 1943లో రిటైరై, మైలాపూరులో ఉదయం నడకకు వెళుతూ ఉండేవారు. ఆ 1943లో ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్.

1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు ఆయన అధ్యక్షులు. దాని నివేదికలో మనవంటి వారికి ఆసక్తి కలిగించే అధ్యాయం అధ్యాపకుల మీద ఉన్నది. జీతాల స్కేళ్ళు, ప్రావిడెంట్ ఫండు, సెలవులు అన్నీ విడమరచి రాశారు. మామూలుగా 60 ఏళ్ళకు విరమణ, ప్రొఫెసర్లకు 64 వరకు పొడిగింపు ఉండవచ్చునని సిఫారసు చేశారు. సైదాపేట బెంచీ మీద, అనంతపురం అద్దె ఇంట్లో గడిపిన ఏళ్ళు ఆ అధ్యాయం వెనుక ఉన్నాయని నేను అనుకుంటాను. పైమెట్టు మీదే పుట్టిన మనిషికి ప్రావిడెంట్ ఫండు సంగతి అంతగా పట్టదు.

సోవియట్ రాయబారి, 1952 నుంచి ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. శివకాము గారు 1956లోనే కన్నుమూశారు, రాష్ట్రపతి భవన్ ఆమె చూడలేదు. ఆయన రాష్ట్రపతి అయిన ఏడాది నుంచే సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నాం.

1967 మేలో పదవీకాలం ముగిశాక మైలాపూరులోని స్వగృహానికి తిరిగి వచ్చారు. 1975 ఏప్రిల్ 17న అక్కడే మద్రాసులో పరమపదించారు. ఆ ఇల్లున్న ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డుకు తర్వాత ఆయన పేరే పెట్టారు. మన తిరుత్తణి నుంచి వెళ్ళిన కుర్రవాడు మొదటి ఉద్యోగంలో చేరిన ప్రెసిడెన్సీ కాలేజీ, అక్కడికి కాస్త దూరంలో, మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. వైద్యానికి మద్రాసు వెళ్ళే సభ్యులు ఆ దారిలో వెళితే బస్సులోంచే కనిపిస్తుంది.