జాలితో కడుపు నిండదు

ఫ్రాన్సిస్ జోసెఫ్ క్యాంప్‌బెల్ 1832లో అమెరికాలోని టెన్నెసీలో పుట్టాడు. పసితనంలో ముల్లు గుచ్చుకుని క్రమంగా రెండు కళ్లూ పోయాయి. నాష్‌విల్ అంధుల పాఠశాలలో సంగీతం నేర్చుకున్నాడు, తర్వాత బోస్టన్‌లోని పెర్కిన్స్ పాఠశాలలో పదేళ్లకు పైగా నేర్పాడు.

1871లో లండన్ వచ్చి చూస్తే అక్కడి అంధుల్లో చాలామందికి దానధర్మాలే దిక్కు. పాపం అనేవారే గాని పని ఇచ్చేవారేరీ? కంటిచూపు దాదాపు కోల్పోయిన డాక్టర్ ఆర్మిటేజ్‌తో కలిసి 1872లో ఆయన అంధ బాలబాలికలకు రాయల్ నార్మల్ కాలేజీ తెరిచాడు. పియానోలు శ్రుతి చేయడం, ఆర్గన్ వాయించడం, పాఠం చెప్పడం అక్కడి చదువు. ఈత, స్కేటింగ్ కూడా నేర్పించాడు. ఆటలెందుకు అనిపిస్తుంది! పియానో శ్రుతి చేసేవాడు ఇల్లిల్లూ తిరగాలి; అడుగు వేయడానికి భయపడే కుర్రాడిని ఎవరు పిలుస్తారు? తానైతే 1880లో మాంట్ బ్లాంక్ శిఖరమే ఎక్కాడు.

1909లో సర్ బిరుదు వచ్చింది, 1914లో కన్నుమూశాడు. ఆయన విద్యార్థి, పుట్టు అంధుడైన ఆల్‌ఫ్రెడ్ హోలిన్స్ 1897లో ఎడిన్‌బరోలోని ఫ్రీ సెయింట్ జార్జ్ చర్చిలో ఆర్గనిస్టుగా చేరి, 1942లో చనిపోయేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు.