తుపానులో కీర్తన

మెదకు మహాదేవాలయమును చూచినవారికి వెస్లియను మిషను పేరు క్రొత్త కాదు. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయము ఆ మిషనువారు కట్టించినదే. ఆ పేరునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ చిరకాలము మరణభయముతో పెనగులాడినవాడని మాత్రము పలువురెరుగరు.

ఇంగ్లండులోని ఎప్‌వర్తు గ్రామమున 1703లో ఒక ఆంగ్లికను గురువునింట అతడు జన్మించెను. ఐదేండ్ల ప్రాయమున ఇల్లు తగులబడినప్పుడు, ఒకరి భుజముపై నొకరు నిలిచి పొరుగువారు బాలుని మేడ కిటికీనుండి దించిరి. మరుక్షణమున కప్పు కూలెను.

ఆక్స్‌ఫర్డులో చదివి, 1726లో లింకన్ కళాశాలలో ఫెలో అయ్యెను. ఉపవాసములు, ఖైదీల పరామర్శ, గడియకొక నియమము. ఇదంతయు చూచి తోటివారు ఎగతాళిగా పెట్టిన మెథడిస్టు అను పేరే పిదప సంఘనామమైనది. ఇన్ని నిష్ఠలున్నను మనస్సునకు నెమ్మది లేదు.

1735లో తమ్ముడు చార్లెసుతోకూడ అమెరికాలోని జార్జియాకు ఓడ యెక్కెను. అందులో జర్మను దేశీయులగు మొరేవియను సంఘస్థులు కొందరుండిరి. తోడివారెవరును చేయనొల్లని ఊడిగమును వారు కూలి గొనక చేయుచుండిరి. ఎవరైన కొట్టినను త్రోసినను మారుపలుకక లేచిపోవుచుండిరి. 1736 జనవరి 25న వారు కీర్తన నందుకొన్న వేళ సముద్రము ఓడను ముంచెత్తెను. పెద్ద తెరచాప పీలికలయ్యెను. నీరు లోపలికి చొచ్చెను. ఇంగ్లీషువారు కేకలు పెట్టిరి. జర్మనులు కీర్తన ఆపలేదు. పిదప వెస్లీ వారిలో ఒకనిని, భయము కలుగలేదా యని యడిగెను. లేదనెను. స్త్రీలకు, పిల్లలకు? వారికిని చావన్న వెరపు లేదనెను. బోధింప బోవుచున్న గురువునకు ఆ ధైర్యము లేదు. చావునకు ఒప్పని తన మనస్సును గూర్చి సిగ్గుపడి దినచర్య పుస్తకమున వ్రాసికొనెను.

జార్జియాలో పని సాగలేదు. కలతలతో, కోర్టు అభియోగములతో విసిగి 1738లో స్వదేశము చేరెను. ఆ యేడు మే 24 సాయంకాలము ఇష్టము లేకయే లండనులోని ఆల్డర్స్‌గేటు వీధి కూటమునకు పోయెను. అచట లూథరు రోమీయుల పత్రికకు వ్రాసిన పీఠికను ఒకరు చదువుచుండగా, తన నిష్ఠలు కాక క్రీస్తే తనకు శరణ్యమను నమ్మకము అతనికి కలిగెను.

ఆ రాత్రితో సంశయములన్నియు తీరెనని వ్రాయువారు కలరు. అది నిజము కాదు. 1766లో తమ్మునికి వ్రాసిన జాబున తన హృదయములోని శుష్కతను అతడు దాచలేదు. కాని 1739 మొదలు ఆరుబయట గని కార్మికులకు బోధించుచు, గుఱ్ఱముపై ఊరూర తిరుగుట మానలేదు. 1743లో వెన్స్‌బరీలో అల్లరిమూక అతనిని ఈడ్చుకొనిపోయినప్పుడు, తన చదువు గదిలో కూర్చున్నంత నిబ్బరముగా ఉండెనట. ఓడలో వణకినవాడే ఇతడు.

1791 మార్చి 2న తన 87వ యేట లండనులో మరణించెను. ముందునాడు, లేవలేని స్థితిలో, ఐజాక్ వాట్సు రచించిన కీర్తన నొకదానిని ఎత్తుకొని పాడగా చుట్టునున్నవారు విస్మయమొందిరి.