కల్హాత్‌కు కాలినడకన వచ్చిన ఇబ్న్ బతూతా

1304లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టిన ఇబ్న్ బతూతా, 21 ఏళ్ల వయసులో మక్కాకు బయలుదేరి దాదాపు 30 ఏళ్లు దేశాలు తిరిగారు. ఒమన్‌లోని ధోఫార్‌లో కొబ్బరి చెట్లు, తమలపాకు తీగలు చూశారు. అక్కడి నుంచి ఓడలో వస్తూ సూర్ వద్ద దిగి, కల్హాత్ దగ్గరే అనుకుని నడక మొదలుపెట్టారు. వెంట ఖిజర్ అనే భారతీయుడు ఉన్నారు. దారి చూపేవాడు బట్టలు కాజేయాలని చూడటంతో, ఈటె పట్టుకుని రాత్రంతా మేలుకున్నారు. కాళ్ల నొప్పులతో కల్హాత్‌లో ఆరు రోజులు లేవలేకపోయారు. అయినా బీబీ మర్యం కట్టించిన మసీదు అందాన్ని మరువలేదు. తర్వాత ఢిల్లీలో ఖాజీగా పనిచేశారు. స్వదేశం చేరాక, 1355 నాటికి యాత్రా విశేషాలన్నీ చెప్పి రాయించారు.

1508లో పోర్చుగీసులు కల్హాత్‌ను ధ్వంసం చేశారు. 2018లో ఆ శిథిలాలకు యునెస్కో గుర్తింపు దక్కింది. మసీదు కూలిపోయినా, దాని అందం ఆయన మాటల్లో మిగిలింది.