13 నిమిషాల నాటకం, 34 ఏండ్ల బతుకు

మొన్న మా ఊర్ల పంచాయితీ ఆఫీసు ముంగట ఒక నాటకం ఆడిండ్రు. లోన్ యాప్‌ల అప్పు తీసుకొని ఆగమైన ఒక పిలగాని కథ. ఐదుగురు నటులు, ఒక డప్పు, అట్టముక్కతోని చేసిన సెల్‌ఫోను. ఇరవై నిమిషాలల్ల అయిపోయింది. నా పక్కన నిలబడ్డ ఒక తమ్ముడు సగం నాటకం ఫోన్ల రికార్డు చేసిండు. మిగిలిన సగం ఇంకేదో వీడియో చూసుకుంట గడిపిండు. ఆట అయిపోంగనే నా దిక్కు తిరిగి, గింతేనా అన్నా అని అడిగిండు. స్టేజీ లేదు, లైట్లు లేవు, కిరీటాలు లేవు. తెల్లందాక చిందు భాగోతం చూసిన ఊరికి ఈ ఇరవై నిమిషాలు ఏడ ఆనుతయని వాని అనుమానం.

అప్పుడు నాకు జవాబు తోచలే. ఇంటికి వచ్చినంక సఫ్దర్ హాష్మీ యాదికొచ్చిండు. ఆయన బతుకే ఆ తమ్మునికి జవాబు.

సఫ్దర్ 1954 ఏప్రిల్ 12న ఢిల్లీల పుట్టిండు. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీల ఇంగ్లీషు సాహిత్యం సదివిండు. అసొంటి సదువు సదివినోళ్లకు పెద్ద కొలువుల తొవ్వ తెరిచే ఉంటది. ఈయన చూపు మాత్రం నాటకం మీద పడ్డది. 1973ల దోస్తులతోని కలిసి జన నాట్య మంచ్ పెట్టిండు. పొట్టిగ జనం అంటరు. హిందీల ఆ మాటకు పుట్టుక అని అర్థం. మన చెవులకు మాత్రం మనమే ఇనవడ్తం.

మొదట్ల వీళ్లు ఆడినయి పెద్ద నాటకాలే. మైదానంల స్టేజీ కట్టి, బస్తీల జనాన్ని కూడగట్టి ఆడేటోళ్లు. 1975ల ఎమర్జెన్సీ వచ్చింది, ఆట బందయింది. ఆ కాలంల సఫ్దర్ గఢ్వాల్‌ల, కశ్మీర్‌ల, ఢిల్లీల పోరగాండ్లకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిండు. ఎమర్జెన్సీ పోయినంక తిరిగొచ్చి చూస్తే కార్మిక సంఘాల నడుము ఇరిగి ఉన్నది. పెద్ద నాటకం ఆడిపియ్యాలంటే వాళ్ల చేతుల పైసల్లేవు. అప్పుడు వీళ్లకు తట్టింది, పెద్ద నాటకాన్ని పిలిచే తాకత్ జనానికి లేకుంటే చిన్న నాటకాన్నే జనం కాడికి తీస్కపోవాలని.

1978ల మెషీన్ నాటకం అట్ల పుట్టింది. ఢిల్లీ పక్కన ఒక ఫ్యాక్టరీల కార్మికులు అడిగినయి రెండే. సైకిళ్లు పెట్టుకునేందుకు జాగ, చాయ తాగేందుకు ఒక క్యాంటీన్. గింత దానికి గార్డులు తుపాకులు పేల్చిండ్రు, మనుషులు చచ్చిపోయిండ్రు. ఆ సంగతి మీద సఫ్దర్, రాకేశ్ సక్సేనా కలిసి నాటకం రాసిండ్రు. ఆడేందుకు అటూఇటు 13 నిమిషాలు. సామాను ఏం లేదు. నటులే ఒకరి పక్కకొకరు నిలబడి, చేతులు కాళ్లు ఆడిచ్చుకుంట, నోటితోని చప్పుడు చేసుకుంట యంత్రమైతరు. అది నడుస్తనే ఉంటది. ఉన్నట్టుండి ఆగిపోతది. ఎందుకాగింది? అక్కడ్నుంచి కథ మొదలైతది.

తమ్ముడూ, చెల్లే, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించుండ్రి. యంత్రం ఎట్లుంటదో రంగులేసి చూపెట్టాలంటే వేల రూపాయలు కావాలె. మనుషులే యంత్రమైతే పైస ఖర్చు లేదు. అయితే అది ఖర్చు తగ్గిచ్చుకునే ఉపాయం ఒక్కటే కాదు. ఫ్యాక్టరీల మనిషిని మరసీలను చేసిండ్రన్న మాటను నోరిప్పకుంటనే చెప్పిండ్రు. పొట్టి నాటకం బలం గదే. ఒక్క బొమ్మల గంట ఉపన్యాసం ఇమిడ్తది. ఆ ఏడు నవంబర్‌ల ఢిల్లీ తల్కటోరా స్టేడియంల వేల మంది కార్మికుల ముంగట దాన్ని ఆడిండ్రు. తర్వాత అది చాలా భాషలల్లకు పోయింది.

అక్కడ్నుంచి వీళ్లు ఆగలే. ఢిల్లీ బస్సు ఛార్జీలు పెరిగితే దాని మీద ఒక నాటకం, ఆడోళ్ల బతుకు మీద ఔరత్, మతం మంటల మీద ఇంకోటి. పదేండ్లల్ల 24 వీధి నాటకాలు, 4 వేలకు పైగ ప్రదర్శనలు. నడుమ కొన్నొద్దులు సఫ్దర్ పత్రికలల్ల పనిచేసిండు, పశ్చిమ బెంగాల్ సర్కారు తరఫున ఢిల్లీల సమాచార అధికారిగ కూడ ఉన్నడు. 1984ల ఆ కొలువు ఇడిచిపెట్టి పూర్తిగ ఇండ్లకే వచ్చిండు.

అట్లని స్టేజీ నాటకాన్ని ఆయన చిన్నచూపు చూడలే. 1988ల ప్రేమ్‌చంద్ కథ తీసుకొని హబీబ్ తన్వీర్‌తోని కలిసి స్టేజీ నాటకం చేసిండు. వీధి నాటకమైనంత మాత్రాన నటన ఎట్లున్నా నడుస్తదంటే ఆయన ఒప్పుకోకపోయేది. నినాదం ఒర్రినంత మాత్రాన నాటకం కాదన్నది ఆయన పట్టుదల.

ఈ ముచ్చట నాకు ఒక అవ్వ నేర్పింది. ఇరవై ఏండ్ల కింద కూలి రేట్ల మీద ఒక నాటకంల నేను దొర వేషం కట్టిన. మీసం మెలేసి, గొంతు పోయేదాక ఒర్రిన. చప్పట్లు మస్తుగ పడ్డయి. ఆట అయినంక ఒక ముసలవ్వ దగ్గరికి వచ్చి, మా దొర ఎన్నడు గట్ల ఒర్రలే బిడ్డా, నవ్వుకుంట మాట్లాడుకుంటనే మా రెండెకరాలు గుంజుకున్నడని చెప్పి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. పదో తరగతి దాటని నాకు నాటకం ఎట్ల చూడాల్నో చెప్పింది ఆ అవ్వనే.

1988 నవంబర్‌ల ఢిల్లీ చుట్టుపక్కల కార్మికులు ఏడు రోజులు సమ్మె చేసిండ్రు. వాళ్ల అడుగుడు నెలకు కనీసం 1050 రూపాయల జీతం. ఆ సమ్మె మీద ఆడిన నాటకాన్నే మార్చి హల్లా బోల్ చేసిండ్రు. 1989 జనవరి 1న ఘజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌ల, ఝండాపూర్ అనే ఊర్ల, పొద్దుగాల ఆ నాటకం నడుస్తున్నది. మున్సిపల్ ఎన్నికల కాలం. ఒక అభ్యర్థి గుంపు వచ్చి తొవ్వ ఇయ్యమన్నది. జరంతసేపు ఆగుండ్రి, లేకుంటే ఇంకో తొవ్వల పోండ్రని సఫ్దర్ నచ్చజెప్పిండు. వాళ్లు రాడ్లతోని మీద పడ్డరు. రామ్ బహదూర్ అనే కార్మికుడు తుపాకి గుండుకు అక్కడనే పానం ఇడిచిండు. తల పగిలిన సఫ్దర్ తెల్లారి రాత్రి దవాఖానల కన్నుమూసిండు. అప్పటికి ఆయనకు 34 ఏండ్లు. దోషులకు కోర్టు శిక్ష ఏసేందుకు 14 ఏండ్లు పట్టింది.

జనవరి 4న సఫ్దర్ పెండ్లాం మొలొయశ్రీ, మిగిలిన నటులు మళ్ల అదే ఝండాపూర్‌కు పోయిండ్రు. భర్తను కాటికి సాగనంపి ఇంక ఒక్క దినం గడిచింది అంతే. నడిమిట్ల ఆగిన హల్లా బోల్‌ను అదే జాగల, వేల మంది ముంగట పూర్తి చేసిండ్రు. చంపినోళ్లు నాటకాన్ని ఆపిండ్రు గాని అయిపోగొట్టలేకపోయిండ్రు.

తమ్ముడూ, గింతేనా అని అడిగినవు గద. పొట్టి నాటకాన్ని గడియారంతోని కొలువకు. నటులు ఏది చూపెట్టిండ్రు, ఏది నీకు ఇడిచిపెట్టిండ్రు, అది చూడు. చెడ్డోడు ఒర్రుతున్నడా, నవ్వుతున్నడా చూడు. డప్పు ఆగినప్పుడు సుట్టు నిలబడ్డోళ్ల మొఖాలు చూడు. నటన బాగలేకుంటే మంచి సంగతి చెప్పిండ్రని మాఫ్ చెయ్యకు, మొఖం మీదనే చెప్పు. ఆ అవ్వ నాకు చెప్పినట్టు.

మొన్నటి నాటకంల అప్పుల పిలగాడు చివరికి ఫోను కింద పెట్టి మన దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఏం మాట్లాడలే. అప్పుడు నువ్వు ఫోన్ల ఉన్నవు. వచ్చే ఆదివారం పక్కూర్ల మళ్ల ఆడుతున్నరట. నా బండి మీద పోదాం, ఫోను జేబుల పెట్టుకొని రా.