యూజెన్ క్రిస్తోఫ్ అను సైకిలు పందెగాని చరిత్రము

మన కాకినాడ పట్టణము సముద్రతీరమున సమతలమైన నేలపై నున్నది. వీధులు తిన్నగా నుండుటచే సైకిలు తొక్కువారికి శ్రమ యంతగా లేదు. జగన్నాథపురము వంతెన నెక్కుటయే మనకు పర్వతారోహణము! త్రోవలో గొలుసు తెగినను చింతలేదు. చేరువనున్న దుకాణమున బాగుచేయించుకొని వత్తుము. ఇట్టి మనకు, విరిగిన సైకిలును భుజమున వైచుకొని కొండ దిగి, తన చేతులతోడనే దానిని బాగుచేసికొన్న యొకాయన చరిత్రము తెలియుట మేలని తలంచి, దానిని సంగ్రహముగా వ్రాయుచున్నాము.

యూజెన్ క్రిస్తోఫ్ 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన ఫ్రాన్సుదేశమున పారిసు నగరమునకు చేరువనున్న మలకోఫ్ అను నూర జన్మించెను. మొదట తాళములు చేయు పని నేర్చి దానివలన జీవించెను. పిమ్మట సైకిలు పందెములే వృత్తిగా గైకొనెను. 1910వ సంవత్సరమున ఇటలీదేశములోని మిలాను-సాన్‌రేమో పందెమునాడు కనుమలలో మంచు దట్టముగా కురిసెను. పోటీదారులలో పెక్కురు మధ్యనే విరమించిరి. క్రిస్తోఫ్ చలికి అవయవములు కొంకర్లు పోగా ఒక యింట కొంతతడవు సేదదీరి, మరల బయలుదేరి ప్రథముడుగా గమ్యము చేరెను. ఆ శ్రమవలన వ్యాధిగ్రస్తుడై కొన్ని వారములు ఆసుపత్రిలో నుండవలసివచ్చెను.

ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు తూర్ ద ఫ్రాన్స్ అను మహాపందెము 1903వ సంవత్సరమున ఆరంభమైనది. 1912లో క్రిస్తోఫ్ అందు వరుసగా మూడు ఘట్టములు గెలిచియు ద్వితీయుడయ్యెను. ఆ కాలమున జయమును గడియలనుబట్టి గాక స్థానములనుబట్టి లెక్కించుచుండిరి. 1913లో కాలమును లెక్కించు పద్ధతి మరల వచ్చెను. ఆయనకు జయము చేతికందినట్లే తోచెను.

ఆ యేట బయోన్ నుండి లూషోన్ వరకు ఒక్కదినమున పోవలసిన దూరము 326 కిలోమీటర్లు. అనగా మనము కాకినాడనుండి విశాఖపట్టణమునకు పోయి తిరిగివచ్చినంత! నడుమ పిరెనీసు పర్వతములలో 2,115 మీటర్ల యెత్తుగల తూర్మలే కనుమ కలదు. దానిని దాటి దిగుచుండగా సైకిలుయొక్క ముందుచక్రమును పట్టియుంచు ఫోర్కు విరిగెను. పందెగాడు పరుల సాయము పొందరాదనియు, తన సైకిలును తానే బాగుచేసికొనవలెననియు నాటి నియమము. క్రిస్తోఫ్ సైకిలును మోసికొని, పది కిలోమీటర్లకు పైగా నడచి, సెంత్ మరీ ద కంపాన్ అను పల్లె చేరెను. అచట నొక కమ్మరికొలిమి యుండెను. చిన్ననాడు నేర్చిన లోహపు పని యిపు డక్కరకు వచ్చెను. అధికారులు చూచుచుండగా తానే ఇనుము కాచి, సుత్తితో కొట్టి, ఫోర్కును అతికెను. రెండు చేతులును పనిలో నుండుటచే ఒక బాలుడు కొలిమితిత్తి ఊదెను. అదియు పరసాయమేయని యెంచి అధికారులు పదినిమిషములు శిక్ష విధించి, పిదప దానిని తగ్గించిరి. ఆనాడు ఆయన కోల్పోయిన కాలము దాదాపు నాలుగు గంటలు. అయినను పందెమును విడువక పారిసు చేరి యేడవవాడయ్యెను.

పిదప మహాయుద్ధము వచ్చుటచే 1915 మొదలు 1918 వరకు ఆ పందెము జరుగలేదు. 1919లో మొత్తముమీద ముందున్నవాడు గుర్తుగా పసుపుపచ్చని చొక్కా ధరించు ఆచార మేర్పడెను. దానిని మొట్టమొదట ధరించినవాడు క్రిస్తోఫే. ఇంక రెండు ఘట్టములే మిగిలియుండెను. మెట్స్ నుండి డంకర్కు పోవు 468 కిలోమీటర్ల మార్గమున వలాన్సియెన్ వద్ద ఫోర్కు మరల విరిగెను! మరల స్వహస్తములతో బాగుచేసికొనెను. గంటకు మించిన కాలము వ్యర్థమయ్యెను. ఫిర్మిన్ లాంబో విజయము గాంచగా క్రిస్తోఫ్ తృతీయుడయ్యెను. కాని ప్రజల హృదయము కరగెను. వారు చందాలు వేసికొని యాయనకు ధనమును బహూకరించిరి.

1920లో పారిసు-తూర్ పందెమును గెలిచినను, ఆ మహాపందెమున నెన్నడును ప్రథముడు గాలేదు. 1926 ప్రాంతమున వృత్తిని విరమించి, 1970వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన మరణించెను. స్వయముగా బాగుచేసికొనవలెనను ఆ కఠిననియమము కాలక్రమమున తొలగింపబడినది.

బాలుడు తిత్తి నూదినందుకు శిక్ష విధించుట న్యాయమా యని మేమును పలుమారు తలపోసితిమి. నియమము కఠినమే, మాకు సమ్మతము కాదు. కాని క్రిస్తోఫ్ దానిని నెపముగా గొని పందెము మానలేదు. నాటి విజేతలలో పలువురి పేర్లు మరపునబడినను, కొలిమి యున్న ఆ పల్లెలో ఆయన జ్ఞాపకార్థము శిలాఫలకము నిలిచియున్నది. పరీక్షలలో ప్రథమస్థానము రానివారు మనలో ననేకులు గలరు. చేతిపనిని చిన్నచూపు చూడక, చేపట్టిన కార్యమును నడుమ విడువక యుండుట యెంతటి గౌరవమో వారు ఈ చరిత్రమువలన గ్రహింతురు గాక!